పినాంగులోని పాత యింటి జీర్ణోద్ధరణము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెతను మన పెద్దలు క్రొత్త యింటిని మనసున నుంచుకొని చెప్పియుందురు. పాత యింటిని, అందును సముద్రమున కావలనున్న పాత యింటిని, మరల నివాసయోగ్యముగా చేసికొనుట యెట్టిదో వారి యనుభవమునకు వచ్చియుండదు. క్రొత్త యింటిలో లోపమున్నచో కట్టినవానిని పిలిచి యడుగవచ్చును. నూరేండ్ల నాటి యింటిలో లోపమున్నచో నెవరి నడుగవలెను? ఆ యింటిని కట్టినవారు ఎన్నడో గతించిరి. వారి పనితనము నెరిగినవారు ఇంక నెక్కడనైన నున్నారేమో వెదకి పట్టుకొనవలెను. మా యింటి విషయమున మేము పడిన పాట్లలో సగము ఈ వెదకులాటయే. పరదేశములలో కాపురము చేయుచున్న సోదరీమణులకును, తాతలనాటి యింటికి తాళము వేసి పట్టణమునకు వచ్చినవారికిని కొంత యుపయోగపడునని దీనిని వ్రాయుచున్నాను.

పినాంగు మలయా ద్వీపకల్పమునకు పడమటి దిక్కున సముద్రములో నున్న ద్వీపము. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అను నాంగ్లేయుడు దీనిని ఈస్టిండియా కంపెనీ పక్షమున స్వాధీనపరచుకొని, ఈశాన్యపు కొనయందు జార్జిటౌను పట్టణమును నెలకొల్పెను. చీనావారు, మలయులు, తమిళులు, గుజరాతీలు, ఆర్మీనియనులు, ఇట్లు పలుజాతులవారు ఇచ్చట వీధులు వీధులుగా నిండిరి. మన పేరు కూడ నొకటి ఇచ్చట నిలిచియున్నది. 1801లో స్థాపింపబడిన పెద్ద మసీదును "కాపితాన్ కెలింగ్ మసీదు" అందురు. ఈ "కెలింగ్" అను మాట మన కళింగ శబ్దమునుండి పుట్టినదే. హిందూదేశమునుండి వచ్చినవారి నందరిని మలయులు పూర్వము ఆ పేరుతో పిలిచెడివారు. నేడు మనుష్యుల నట్లు పిలుచుట అమర్యాదగా నెంచబడుచున్నది గాని, మసీదు పేరులో ఆ మాట అట్లే యున్నది.

మా మామగారి తండ్రిగారు మదరాసులో పొగయోడ నెక్కి ఇచ్చటికి వచ్చి, రేవులో గుమాస్తాగా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో నొక చీనా వర్తకునియొద్ద ఈ యింటిని కొనిరి. మా అత్తగారు 18వ యేట ఈ గడపలో కాలు పెట్టిరి. ఇప్పుడామెకు 81 ఏండ్లు.

ఈ పట్టణపు టిండ్లు మనవారికి వింతగా తోచును. మా యింటికి వీధివైపున వెడల్పు 18 అడుగులు. లోపలికి పొడవు 90 అడుగులు. ప్రక్కయింటికిని మాకును గోడ యొక్కటే. ఈ గోడనుండి ఆ గోడకు దూలములు వేయుదురు గాన, దొరకు దూలము పొడవెంతయో ఇంటి వెడల్పును ఇంచుమించుగా నంతయే. వీధి మొగమున ప్రతి యింటిముందును కప్పుగల యొక నడవ యుండును. దీనిని మలయభాషలో "కాకి లీమా" అందురు. మన కాకికిని దీనికిని సంబంధము లేదు. వారి భాషలో కాకి యనగా పాదము, లీమా యనగా ఐదు. 1822లో రాఫిల్సు సింగపూరు పట్టణమునకు వేయించిన పథకములో ప్రతి యింటిముందును ఇట్టి నడవ యుండవలెనని విధించెను. ఆ పద్ధతి పిమ్మట మలయా పట్టణములలో వ్యాపించినది. ఎండయైనను వానయైనను గొడుగు లేకయే వీధి చివరవరకు పోయి కూరలు కొనుక్కొని రావచ్చును.

ఇంటి నడుమ ఆకాశమునకు తెరచియుంచిన చోటొకటి కలదు. చీనావారు దీనిని "ఆకాశపు బావి" అని అర్థమిచ్చు పేరుతో పిలుతురు. గోదావరి తీరమున మండువా లోగిలిలో పుట్టి పెరిగిన నాకు, పెండ్లియై వచ్చిననాడు ఈ చోటును చూడగానే ప్రాణము లేచివచ్చినది. అంతవరకు ఈ దేశమున నాదన్నది ఏదియు కనబడలేదు. వాన నేరుగా నింటిలోనే పడి తూముగుండ పోవును, వెలుతురు దిగును, వేడిగాలి పైకి వెడలును. ఇప్పుడు చాలమంది దీనిపై గాజుకప్పు వేసి, చల్లగాలి యంత్రము పెట్టుకొనుచున్నారు. గది చల్లబడును గాని, గోడలలోని తేమ పోవు దారి మూతబడును.

మా యింటికి పట్టిన రోగమంతయు ఈ తేమయే. ఇటుక భూమిలోని నీటిని పైకి పీల్చుకొనును. సముద్రము దాపున నుండుటచే ఆ నీటిలో ఉప్పు కలదు. పూర్వపు సున్నపు పూత మృదువైనది, కంటికి కనబడని రంధ్రములు గలది. నీరు దానిగుండ మెల్లగా ఆవిరియై పోవును. ఉప్పు మాత్రము పూతలో నిలిచి, కొన్ని యేండ్లకు పూతను రాల్చును. మరల పూయుదురు. చెప్పు అరిగి పాదమును కాపాడినట్లు, పూత రాలి ఇటుకను కాపాడును.

సుమారు 40 ఏండ్ల క్రిందట, మామగారి కాలమున, ఒక కంట్రాక్టరు వచ్చి, "సున్నము ముసలివారి పద్ధతి, సిమెంటు పూసినచో నూరేండ్లు తిరిగి చూడ నక్కరలేదు" అని నమ్మబలికి, క్రింది గోడలన్నిటికి నిలువెత్తున సిమెంటు పూసి, పైన నిగనిగలాడు రంగు వేసి, సొమ్ము పుచ్చుకొని పోయెను. సిమెంటు గట్టిది, నీటిని వెలుపలికి పోనీయదు. లోపల చిక్కుకొనిన నీరు దారి వెదకుకొనుచు పైపైకి నెక్కినది. నేను కాపురమునకు వచ్చినప్పుడు మోకాలివరకున్న తేమ, చూచుచుండగనే ఆరడుగులకు చేరినది. రంగు పొక్కులు పొక్కులుగా లేచి, దాని వెనుక తెల్లని ఉప్పుపొడి కానవచ్చినది. ఇటుకలు వ్రేలితో గీకిన రాలినవి.

అత్తగారి పడకగది క్రిందనే యున్నది. ఆ గది మూలలు నల్లని బూజు పట్టినవి. ఆమెకు రాత్రులందు ఆయాసము పట్టుకొనినది. "మందు లిత్తును గాని, ఆ గదిలో పండుకొనుచున్నంత కాలము మందులు పూర్తిగా పనిచేయవు" అని వైద్యుడు చెప్పెను. పైయంతస్తునకు మార్చితిమి. మోకాళ్ల నొప్పులచే ఆమె మెట్లు దిగలేరు. దేవుని గది క్రింద, తులసికోట క్రింద, వచ్చి పోవువారందరు క్రింద. తమ సొంత యింటనే ఆమెకు చెర యేర్పడినది.

ఇట్టి స్థితిలో మా బావగారు ఇంటిని అమ్మివేయవలెనని పట్టుబట్టిరి. వారు కౌలాలంపూరున నుందురు. "అమ్మను లిఫ్టుగల క్రొత్త మేడలో నుంచుదము, ఈ శిథిలమున కెంత పోసినను బూడిదలో పోసిన పన్నీరే" అని వారి వాదము. తల్లిమీద ప్రేమ లేక అన్నమాట కాదు. పైగా వెలలును అట్లున్నవి. 1966 నాటి అద్దెల చట్టముచే ఈ దేశమున 1948కి పూర్వము కట్టిన యిండ్ల అద్దెలు పెరుగకుండ నాపబడెను. అద్దె రాదు గాన యజమానులు ఇండ్లను బాగుచేయించలేదు. ఆ చట్టము రద్దయి 2000 జనవరి 1 నుండి అద్దెలకు అడ్డు లేకపోగా, తరతరములుగా నున్న కాపురములు ఖాళీ చేసి పోయినవి. 2008లో యునెస్కోవారు జార్జిటౌనును మలక్కాతో కూడ ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిన పిమ్మట, ఆ ఖాళీ యిండ్లకే ధనికులు పోటీపడిరి. మా వరుసలోని ఏడిండ్లలో రెండు హోటళ్లు, రెండు కాఫీ దుకాణములు అయినవి. పిల్లల గోల వినబడు ఇల్లు మాదొక్కటే.

ప్రక్కయింటి సంగతి వేరుగా చెప్పవలెను. అది కొంతకాలము పిట్టల యిల్లు. ఒక జాతి చిన్న పక్షి తన లాలాజలముతో గూడు కట్టుకొనును. చీనావారు ఆ గూటిని పులుసుగా కాచి త్రాగుదురు. దానికి వెల మెండు. అందుచే ఖాళీ యిండ్ల కిటికీలను ఇటుకలతో మూసి, లోపల చీకటిచేసి, గాలిని ఎల్లప్పుడు తడిగా నుంచి, ఆ పిట్టలను చేర్చెడివారు. వారసత్వ ప్రకటనము తరువాత పట్టణము నడుమ నుండి వీనిని తొలగించిరి. పిట్టలు పోయినవి గాని, మా ఉమ్మడి గోడలో తడి మిగిలినది.

ఆ జనవరిలో అన్నదమ్ములిద్దరు తల్లియెదుట కూర్చుండి యొక యొడంబడికకు వచ్చిరి. పినాంగులో ఏడాదికి ఇంచుమించు 100 అంగుళముల వాన కురియును. అందు సెప్టెంబరు మొదలు నవంబరు వరకు మిక్కుటము. "ఈ యేటి వానలలో అమ్మ గది ఆరియున్నచో ఇల్లు నిలుచును. లేనిచో అమ్మకము" అని బావగారనిరి. అత్తగారు "సరే" యని యొక్కమాటతో లోపలికి పోయిరి.

పనివారికొరకు వెదకితిమి. మొదట వచ్చినతడు ఉన్న సిమెంటుమీదనే నీరంటని మందు పూసెదననెను. రెండవయతడు ముందరి గోడ నుంచి తక్కినదంతయు పడగొట్టి కాంక్రీటుతో కట్టెదననెను. వారసత్వ ప్రాంతములో నగరపాలకుల యనుమతి లేనిదే అట్టి పని చేయరాదు. ఆ సంగతి యెరుగని కంట్రాక్టరును చూచి నేనాశ్చర్యపడితిని. తుదకు గుడి మరమ్మతులు చేసిన యొక వృద్ధ తాపీమేస్త్రిని గూర్చి పూజారిగారు చెప్పిరి. ఆయన తమిళుడు, తాతగారు చెట్టినాడునుండి వచ్చిరట. 70 ఏండ్లు దాటినవాడు.

ఆయన రాగానే నేను గోడలను చూపబోయితిని. "గోడలకేమి, అవి యెక్కడికి పోవును? మొదట తూము చూపుడమ్మా" అనెను. మండువాలోని తూములో బకెట్టెడు నీరు పోయించి, వెలుపలి కాలువయొద్ద నిలుచుండి చూచెను. పోసినదానిలో సగము బయటికి రాలేదు. తూము నేలలోపల పగిలి, ఏండ్లతరబడి వాన నీరంతయు పునాదిలోనే ఇంకుచున్నది! "కారుచున్న కుండ క్రింద నేల తుడుచుచు కూర్చున్న లాభమేమి?" అని నవ్వెను. ఇంతకుముందు వచ్చినవారిలో నెవరును తూమువంక చూచియుండలేదు. ఆయనకే పని యొప్పగింపవలెనని నా కప్పుడే తోచినది.

తూము క్రొత్తది వేసిన పిమ్మట సిమెంటు తీసిరి. యంత్రముతో కొట్టిన ఇటుక పగులునని ఉలితోను సుత్తెతోను మెల్లగా ఊడదీసిరి. దానికి మూడు వారములు పట్టినది. ఆపై గోడలను నెలన్నర బట్టలు విడిచిన మనుష్యునివలె వట్టిగా నుంచిరి. దినదినము ఉప్పు పొంగుచుండెను; దానిని పొడి కుంచెతో రాల్చి, ఎత్తి బయట పారవేయవలెను. కడుగరాదు, కడిగినచో ఉప్పు కరగి మరల గోడలోనికే పోవును. ఈ పని ప్రతి యుదయము నేనును మా అమ్మాయియు చేసితిమి.

ఇక సున్నము సంగతి. మలయభాషలో సున్నమును "కాపూర్" అందురు. కర్పూరమును "కాపూర్ బారూస్" అందురు. మేస్త్రి "కాపూర్ తెప్పింపుడు" అని మలయ పనివానితో ననగా విని, అత్తగారు పైనుండి, "అమ్మాయీ, ఇన్ని బస్తాల కర్పూరమెందుకే?" అని అడిగిరి. అరువది యేండ్లకు పైగా ఈ దేశముననున్నను ఆమె మలయ భాష కూరల బజారు దాటలేదు.

ఈపో ప్రాంతమున సున్నపురాతి కొండలు కలవు. అచ్చటి సున్నము తెప్పించితిమి. సున్నపురాతిని మిక్కుటమైన వేడిలో కాల్చినచో దానిలోని బొగ్గుపులుసు వాయువు పోయి రాతిసున్నమగును. దానిని నీటిలో వేయగానే బుసకొట్టి పొంగి ఉడుకును. ఆ సమయమున పిల్లలను దరికి రానీయరాదు. ఒక్క చుక్క కంటిలో పడినను చూపునకు అపాయము. ఉడుకు తగ్గినపిమ్మట దానిమీద నీరు నిలిపి మూడు నెలలు కదల్పక యుంచవలెనని మేస్త్రి కట్టడి. మురిగినకొలది మెత్తబడి గడ్డపెరుగువలె నగును. గోడకు పూసిన తరువాత, పోగొట్టుకొనిన ఆ వాయువునే గాలినుండి మరల తీసికొని తిరిగి రాయియగును. అందుకు కాలము పట్టును. తొందరపెట్టిన పెచ్చులై రాలును. మన హైదరాబాదులోని చార్మినారు 1591 నుండి నిలిచియున్నది డంగు సున్నముతోనే కదా.

ఈ విద్య మన తీరమునుండియే ఇచ్చటికి వచ్చినదని తెలిసి నాకు సంతోషము కలిగినది. సింగపూరులోని సెయింట్ ఆండ్రూసు చర్చి లోపలి గోడలకు "మదరాసు సున్నము" పూసిరి. హిందూదేశమునుండి ద్వీపాంతరమునకు పంపబడిన ఖైదీలు దానిని కట్టిరి. 1862లో అది ప్రతిష్ఠింపబడెను. గవ్వసున్నములో కోడిగ్రుడ్ల తెల్లసొనయు, బెల్లమువంటి ముతక చక్కెరయు కలిపి రుబ్బి, కొబ్బరిపీచు నానవేసిన నీటితో తడిపి, ఆరిన తరువాత చలువరాయివలె మెరయువరకు రుద్దెడివారట. మా మేస్త్రియు దేవుని గదికి గ్రుడ్ల సున్నము వేసెదనని ఉత్సాహపడెను. అత్తగారు వినగానే చెవులు మూసికొనిరి. తుదకు కరక్కాయలును బెల్లమును నానవేసి పులియబెట్టిన నీటితో సరిపెట్టిరి. నునుపు కొంచెము తగ్గినది, ఆచారము నిలిచినది.

పూత మూడు వరుసలుగా వేసిరి. ఒక వరుస ఆరి గట్టిపడినగాని రెండవది వేయరాదు. ఎండ తగిలి వేగముగా ఆరకుండ తడి గోనెలు వ్రేలాడదీసితిమి. ఆపైన రంగునకు బదులు, పలుచని పాలవలె కలిపిన సున్నమును నాలుగుమారులు కొట్టిరి. కొట్టినప్పుడు ఏమియు కానరాదు. ఆరినకొలది తెలుపు పైకి తేలును. మా అమ్మాయి మొదటినాడు చూచి, "ఇతడు నీళ్లు పూయుచున్నాడమ్మా" అని ఫిర్యాదు చేసినది!

దూలముల పనికి ఒక చీనా వడ్రంగి వచ్చెను. చెంగాల్ అను ఈ దేశపు చేవకర్రను చెద ముట్టదు. కాని తడిగోడలో దిగియున్న కొనలు రెండు మెత్తబడినవి. అతడు దూలమును మార్చక, చెడిన రెండడుగులను కోసి, పడగొట్టిన వేరొక యింటి చెంగాల్ ముక్కను ఏటవాలుగా అతికి కర్రమేకులు దిగగొట్టెను. చీనావారి ఏడవ మాసమున ప్రేతలు తిరుగునని చెప్పి ఆ నెల క్రొత్త పని మొదలుపెట్టననెను. అది మన శూన్యమాసమువంటిదే గాన అత్తగారు వెంటనే అతని పక్షము వహించిరి. గడువు దగ్గరపడుచున్నదని నేను లోలోపల గింజుకొంటిని. పెంకులు కప్పువారు జావాదేశస్థులు. శుక్రవారము మధ్యాహ్నము నమాజునకు పోవుదురు. ఇన్ని పంచాంగములు కలిపి చూచుకొనినగాని ఇచ్చట పని సాగదు. నేను గోడమీద నొక కాగితము అంటించి, ఎవరెవరి కెన్నడు సెలవో వ్రాసియుంచితిని. పురుషులు కచ్చేరీకి పోవుదురు. పనివారు ఏ తట్టలో ఎంత ఇసుక పోయుచున్నారో చూడవలసినది ఇంట నున్న మనమే. ఒకపాలు సున్నమునకు మూడుపాళ్లు ఇసుక యని లెక్క. నేను లేనప్పుడొకమారు పని త్వరగా తెమలునని ఒక కుర్రవాడు దానిలో సిమెంటు కలుపబోగా, మేస్త్రి తట్ట నెత్తి వీధిలో క్రుమ్మరించెను.

మేస్త్రి కుమారుడు బాడుగకారు తోలుచున్నాడు; ఈ పని నేర్వలేదు. "సున్నము చేతులు తినును, కడుపు నింపదు" అని ఆయనయే వలదన్నాడట. నేర్చినవాడు పెంకులవారిలోని యొక జావా కుర్రవాడు. తన పని ముగిసిన తరువాతను వచ్చి మేస్త్రి ప్రక్కన నిలుచుండి చూచెడివాడు. నెల తిరుగకముందే మేస్త్రి వానికి తన రెండవ తాపీని ఇచ్చెను. మాటలు కలియవు, ఒకరిది తమిళము, ఒకరిది జావాభాష. నడుమ రెండు మలయ మాటలు, తాపీ చప్పుడు. నా పులిహోర మాత్రము ఇద్దరికిని నచ్చినది.

ఖర్చు సిమెంటు పనికి ఇంచుమించు రెట్టింపైనది. దాచి లాభము లేదు. కొరతపడినప్పుడు అత్తగారు తమ రెండుపేటల గొలుసును తీసి నా చేతికిచ్చి, "పెద్దవానికి చెప్పకు" అనిరి. ఇప్పుడు బావగారికి తెలిసినది గాన వ్రాయుచున్నాను.

అక్టోబరు వచ్చినది. ఒక వారము తెరపి లేని వాన. మండువాలో పడిన నీరు క్షణములో తూమున పోవుట చూచుటకే మేము కుర్చీలు వేసికొని కూర్చుంటిమి. బావగారు వచ్చి, చెప్పులు విడిచి, తిన్నగా తల్లిగదిలోనికి పోయి, నాలుగు గోడలపైనను అరచేయి మోపి చూచిరి. మూడు గోడలు ఆరియున్నవి. నాలుగవది, పిట్టల యింటివైపుది, రెండడుగుల యెత్తున చల్లగా తగిలినది. నా గుండె జారినది.

మేస్త్రిని పిలిపించితిమి. ఆయన దాచలేదు. "ఆ తడి మీది కాదు, ప్రక్కవారిది. అటువైపు సిమెంటు ఊడదీయువరకు రాకమానదు. మావైపు సున్నము దానిని బయటికి పంపుచుండును. మూడు నాలుగేండ్ల కొకమారు పూత రాలును, మరల పూయవలెను. బూజు మాత్రము పట్టదు" అని చెప్పెను. బావగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఒక గోడ పూయుట కెంతయగును?" అని అడిగిరి. మేస్త్రి చెప్పిన మొత్తమును తమ పుస్తకములో వ్రాసికొనిరి. అమ్మకము మాట ఆ రాత్రి భోజనమువద్ద ఎవరును ఎత్తలేదు, తరువాతను రాలేదు.

కార్తికమాసపు మొదటి సోమవారమున అత్తగారిని కుర్చీలో కూర్చుండబెట్టి అన్నదమ్ములిద్దరు క్రిందికి దింపిరి. మంచమును నాలుగవ గోడకు రెండడుగులు ఎడముగా వేసితిమి. ఆయాసము పూర్తిగా పోలేదు గాని, రాత్రులు లేచి కూర్చుండుట తగ్గినది. మేస్త్రి మెట్లక్రింద నీటిలో మునిగియున్న సున్నపు తొట్టి నొకటి విడిచిపోయెను. నీరు తగ్గకుండ చూచుట నా పని. ఏటేట సున్నము కొట్టుటకు జావా కుర్రవాడు వచ్చుటకు ఒప్పుకొనినాడు. ప్రక్కయింటి యజమాని తైపింగు పట్టణమున నున్నాడని తెలిసి, సిమెంటు ఊడదీయించు ఖర్చులో సగము మేము భరింతుమని జాబు వ్రాసితిమి. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు.